అంకెలన్నీ పాసైన కన్ను: ఒక లేసిక్ కేసులో కార్నియా మోడల్ ఏం చెప్పింది, ఏం చెప్పలేకపోయింది

నేను చదివింది మెకానికల్. మొదట్లో ప్రెషర్ వెసెల్స్‌కి, అంటే లోపల ఒత్తిడి నిలిపే ట్యాంకులకి, గోడ ఎంత లాగుడు (స్ట్రెస్) మోస్తోందో లెక్కలు చేసేవాణ్ణి. కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో కార్నియా సర్జన్ల దగ్గర అదే పని కంటికి, కంప్యూటర్ మోడల్‌తో, చేస్తున్నాను. కన్ను కూడా ఒక ప్రెషర్ వెసెలే. లోపల సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి, అంటే 2 కిలోపాస్కల్స్. దాన్ని ముందువైపు ఆపుతున్నది అర మిల్లీమీటరు మందం ఉన్న పారదర్శకమైన పొర. అదే కార్నియా. దాని వంపు మారితే చూపు మారిపోతుంది.

ఈ కేసు రాయడానికి పేషెంటు, డాక్టరుగారు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊరు, ఉద్యోగం వంటి ఆనవాళ్లు తీసేశాను. కొలతలు కొద్దిగా సవరించాను కానీ వాటి మధ్య సంబంధం చెడకుండా చూసుకున్నాను.

కేసు

24 ఏళ్ల అమ్మాయి. ఏడో తరగతి నుంచి కళ్లజోడు. కుడి కంటికి మైనస్ 5.5, ఎడమ కంటికి మైనస్ 5.25. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఆలోగా లేసిక్‌తో, అంటే లేజర్‌తో కార్నియాను చెక్కి చూపు సరిచేసే సర్జరీతో, అద్దాలు తీయించాలని తల్లి తీసుకొచ్చింది. దుమ్ము పడదు, ఎండాకాలం వస్తే కళ్లు దురద. ఆ రోజు నేనూ గదిలోనే ఉన్నాను. డాక్టరుగారు అడిగినవాటికి జవాబులు చెబుతూనే ఆ అమ్మాయి రెండుసార్లు కుడి కన్ను నులుముకుంది. వేలి కొసతో కాదు, చెయ్యి ముడిచి కణుపులతో, గట్టిగా. డాక్టరుగారు ఏమీ అనలేదు, కాగితం మీద ఒక గీత గీసుకున్నారు.

కార్నియా ఆకారం, మందం కొలిచే మొదటి స్కాన్ పనికిరాలేదు. ముందు రోజు దాకా కాంటాక్ట్ లెన్సులు వాడింది. లెన్స్ కార్నియాను కొంత వంచుతుంది, తీసేశాక అది తన ఆకారానికి తిరిగి రావడానికి రోజులు పడుతుంది. రెండు వారాలు లెన్సులు మానిపించి మళ్లీ తీశారు. నా పని ఈ రెండో స్కాన్‌తోనే మొదలైంది.

కుడి కంటి కార్నియా మందం 508 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎడమది 514. కుడి కంటి మధ్యలో వంపు 44.6 డయాప్టర్లు (కళ్లద్దాల పవర్‌ని కొలిచే యూనిట్టే, అంకె పెరిగితే వంపు ఎక్కువ). కార్నియా కింది సగానికీ పై సగానికీ వంపులో తేడా కుడి కంట్లో 1.1 డయాప్టర్లు, ఎడమ కంట్లో 0.4. కింది భాగం పైదానికంటే 1.4 డయాప్టర్లకు మించి నిటారుగా ఉంటే అనుమానించాలనేది చాలాకాలంగా వాడుకలో ఉన్న హద్దు. కుడి కన్ను ఆ హద్దు దాటలేదు.

లేసిక్ లెక్క ఇలా వచ్చింది. పైన 110 మైక్రాన్ల ఫ్లాప్, అంటే మూతలాంటి పలచని పొర, లేపాలి. 6.5 మిల్లీమీటర్ల జోన్‌లో ఒక్కో డయాప్టరుకు సుమారు 14 మైక్రాన్ల చొప్పున కుడి కంటికి 77 మైక్రాన్లు లేజర్‌తో తీయాలి. కింద 321 మైక్రాన్లు మిగులుతాయి. కనీసం 250 ఉండాలని పాత నియమం, జాగ్రత్తపడేవాళ్లు 300 అంటారు. రెండిటికీ పాసే. ఫ్లాప్, లేజర్ కలిపి మొత్తం మందంలో 37 శాతం దాకా పోతుంది. అక్కడ ప్రమాద హద్దుగా చెప్పేది 40 శాతం. అదీ పాసే.

"చూడవయ్యా, నంబర్లన్నీ పాస్. నాకే మనసొప్పడం లేదు. నీ మోడల్ ఏమంటుందో చూసి చెప్పు" అన్నారు డాక్టరుగారు.

డాక్టరుగారి భయం ఎక్టేసియా గురించి. లేజర్ తర్వాత పలచబడిన కార్నియా లోపలి ఒత్తిడికి తట్టుకోలేక మెల్లగా ముందుకు ఉబ్బుతుంది. లేసిక్ తర్వాత ఇలా జరిగిన కేసులను 1998లో థియో సైలర్ బృందం ప్రచురించింది. అప్పటినుంచి ప్రతి కార్నియా సర్జన్ మనసులో అది ఒక మూల ఉండనే ఉంటుంది. ముందే కెరటోకోనస్, అంటే కార్నియా తనంతట తానే పలచబడి శంకువులా ఉబ్బే జబ్బు, దాగి ఉన్న కంట్లో ఆ ప్రమాదం చాలా ఎక్కువ. అది దాగి ఉందో లేదో తేలకపోవడమే ఇక్కడి చిక్కు.

మొదటి మోడల్, అందులోని తప్పు

స్కాన్ ఇచ్చిన ముందు, వెనుక ఉపరితలాలు తీసుకుని మెష్, అంటే కార్నియాను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్క వేసే వల, గీశాను. అంచు, అంటే కార్నియా తెల్లగుడ్డుతో కలిసే లింబస్, కదలకుండా బిగించాను. మెటీరియల్‌గా ఏ దిక్కున చూసినా ఒకే గుణం ఉన్న రబ్బరు లాంటిది పెట్టాను. లోపల 2 కిలోపాస్కల్స్ ఒత్తిడి పెట్టి, ఆ తర్వాత లేసిక్ చేయించాను. తేలిందేమంటే రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయి, ప్రమాదం ఏమీ లేదు.

ఆ రిపోర్టు పంపేముందు అలవాటుకొద్దీ మధ్యలో ఒక అడుగు దగ్గర ఆగాను. ఒత్తిడి పెట్టాక, లేజర్‌కి ముందు, మోడల్‌లో కుడి కన్ను వంపు ఎంత ఉంది? 45.6. స్కాన్‌లో 44.6. సర్జరీ ఇంకా మొదలే కాలేదు, మోడల్‌లో ఆ అమ్మాయి కన్ను అప్పటికే 1 డయాప్టర్ మారిపోయింది.

కారణం తెలిశాక సిగ్గనిపించింది. స్కాన్ తీసినప్పుడు కంట్లో ఒత్తిడి ఉంది. అంటే మేము కొలిచింది అప్పటికే సాగి ఉన్న ఆకారం. నేను దాన్ని ఒత్తిడి లేని ఆకారం అనుకుని, పైన మళ్లీ ఒత్తిడి పెట్టాను. గాలి నింపిన సైకిల్ ట్యూబును కొలిచి, అదే దాని అసలు సైజు అనుకుని ఇంకోసారి గాలి కొట్టడం లాంటిది ఇది. శిఖరం 0.1 మిల్లీమీటరు పైకి లేచింది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ అంచు బిగించి ఉన్న 11.7 మిల్లీమీటర్ల వెడల్పు గోళఖండంలో మధ్య భాగం అంత లేస్తే వ్యాసార్ధం 7.57 నుంచి 7.40 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అదే ఆ 1 డయాప్టర్. నేను వెతుకుతున్న మార్పులు దీనిలో పావు వంతు కూడా ఉండవు. వెతికే వస్తువుకంటే నా తప్పే పెద్దదన్న మాట.

దీన్ని సరిదిద్దే పద్ధతి కొత్తదేం కాదు, నేనే పాటించలేదు. కొలిచిన ఆకారంతో మొదలుపెట్టి ఒత్తిడి పెట్టాలి. ప్రతి బిందువూ ఎంత దూరం తప్పిందో చూసి, అంత వెనక్కి జరపాలి. మళ్లీ ఒత్తిడి పెట్టాలి. ఒత్తిడి పెట్టిన ఆకారం స్కాన్‌తో ఒక మైక్రాన్ లోపు కలిసేదాకా తిప్పాలి. ఆరు సార్లకు కలిసింది. లింబస్ దగ్గర బిగింపు తీసేసి, చుట్టూ కొంత తెల్లగుడ్డు కూడా చేర్చాను, ఎందుకంటే నిజం కంట్లో ఆ అంచు కూడా కొద్దిగా సాగుతుంది.

మెటీరియల్ కూడా మార్చాను. కార్నియా రబ్బరు కాదు, నేత. కొలాజెన్ పోగులు పొరలు పొరలుగా ఉంటాయి. మధ్య భాగంలో అవి ఎక్కువగా నిలువుగా, అడ్డంగా పరుచుకుంటే, లింబస్ దగ్గర చుట్టూ వలయంలా తిరుగుతాయి. ఎక్స్‌రే పరీక్షలతో దీన్ని కార్డిఫ్‌లో కీత్ మీక్ బృందం చూపించింది. ఇలాంటి పోగుల కార్నియా మోడళ్లు 2005లో స్టాన్‌ఫర్డ్ నుంచి, 2006లో మిలాన్ నుంచి వచ్చాయి. నాది వాటి మీద ఆధారపడినదే. ఈ కేసుకు ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ముందువైపు పొరలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి, వెనక పొరలు పేకముక్కల్లా విడివిడిగా పరుచుకుని ఉంటాయి. అందుకే ముందు 40 శాతం భాగం వెనకదానికంటే బలంగా ఉంటుంది. లేసిక్ ఫ్లాప్ తీసుకునేది సరిగ్గా ఆ బలమైన భాగం నుంచే.

గాలి పరీక్షకు సరిపోయింది, అయినా

ఇక ఈ అమ్మాయి కార్నియా ఎంత గట్టిది? పుస్తకాల్లోని సగటు విలువ పెట్టి వదిలేస్తే అది ఆమె కన్ను అవ్వదు. దీనికి కార్విస్ పరీక్ష చేయించాం. కంటి మీదికి ఒక్క దెబ్బ గాలి ఊది, కార్నియా లోపలికి నొక్కుకుని తిరిగి రావడాన్ని సెకనుకు 4,330 ఫ్రేముల వేగంతో తీస్తుంది. అంతా 30 మిల్లీసెకన్లలో అయిపోతుంది. కుడి కన్ను గరిష్ఠంగా 1.08 మిల్లీమీటర్లు నొక్కుకుంది. మోడల్‌లో కూడా అంతే నొక్కుకునేదాకా గట్టిదనం సవరించాను.

సరిపోయింది. ఆ సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. కంటి ఒత్తిడి 13 పెట్టి కార్నియాను కొంచెం గట్టిగా చేసినా 1.08 వస్తోంది, ఒత్తిడి 17 పెట్టి కార్నియాను మెత్తగా చేసినా అదే 1.08. గాలికి ఎదురు నిలిచేది కార్నియా ఒక్కటే కాదు, వెనకున్న ఒత్తిడి కూడా. ఒకే అంకెతో రెండు తెలియనివి తేల్చాలని చూశాను. అందుకని ఒత్తిడిని వేరే పద్ధతిలో, గోల్డ్‌మన్ టోనోమీటర్‌తో కొలిపించి దాన్ని స్థిరం చేశాను. ఆ పరికరం 520 మైక్రాన్ల మందాన్ని ఆధారంగా పెట్టుకుని తయారైంది కాబట్టి, 508 మైక్రాన్ల కంట్లో దాని కొలత మరీ దూరం పోదు. గరిష్ఠ నొక్కుడుతో పాటు కార్నియా మొదటిసారి చదునైన క్షణం, తిరిగి వస్తూ రెండోసారి చదునైన క్షణం కూడా కలిసేలా చూశాను.

ఇప్పుడు మోడల్ అన్నిటితోనూ కలిసింది. ఆ మోడల్‌లో లేసిక్ చేయిస్తే మళ్లీ అదే సమాధానం వచ్చింది: ప్రమాదం లేదు.

నాకు నమ్మకం కుదరలేదు. రాత్రి ఆ పరీక్ష ఫ్రేములు ఒక్కొక్కటీ పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నల్లని తెర మీద తెల్లటి సన్నని చాపం. అది నెమ్మదిగా చదునవుతుంది, గిన్నెలా లోపలికి పోతుంది, మళ్లీ పొంగుతుంది. ముప్ఫయ్యో నలభయ్యో ఫ్రేముల తర్వాత తట్టింది. ఆ చాపం అడ్డంగా తీసిన ఒకే ఒక్క కోత. ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల అడ్డగీత. డాక్టరుగారి అనుమానమంతా కింది భాగం మీద. గాలి తగిలేది మధ్యలో, కెమెరా చూసేది అడ్డంగా. కింద మెత్తటి మచ్చ ఉన్నా ఈ చిత్రంలో అది కనబడే చోటు లేదు. తప్పు పరికరానిది కాదు. అది ఎక్కడ చూస్తుందో పట్టించుకోకుండా, మోడల్ దానితో కలిసింది కదా అని నేను కార్నియా అంతటికీ పాస్ మార్కులు వేశాను.

ప్రశ్న మార్చాక

అప్పటిదాకా మోడల్‌ని నేను అడుగుతున్నది "ఈ కన్ను సేఫేనా?" అని. ఒకే మెటీరియల్‌ని కార్నియా అంతా పరిచి ఆ ప్రశ్న అడిగితే, బలహీనత లేదని నేనే ముందు చెప్పి, తర్వాత ఉందా అని అడిగినట్టు. అది సేఫ్ అనక ఇంకేమంటుంది?

ప్రశ్నను తిరగేశాను. ఈ కంటికి కొలిచిన ఆకారంతోనూ, కార్విస్ కొలతతోనూ సరిపోయే కార్నియాలు ఎన్ని రకాలు ఉండొచ్చు? వాటిలో ఏ రకమైనా లేజర్‌కి తట్టుకోలేకపోతుందా?

మూడు కార్నియాలు తయారుచేశాను. మొదటిది అంతటా ఒకే గట్టిదనం. రెండోదాంట్లో కింది భాగంలో, చెవి వైపుకు కాస్త జరిగి, మూడు మిల్లీమీటర్ల మేర 15 శాతం మెత్తన. మూడోదాంట్లో అదే చోట 30 శాతం మెత్తన. కెరటోకోనస్ సాధారణంగా మొదలయ్యేది అక్కడే కాబట్టి ఆ చోటు ఎంచుకున్నాను. మూడిటికీ ఒత్తిడి లేని ఆకారం విడివిడిగా కనుక్కున్నాను, ఎందుకంటే మూడూ ఒత్తిడిలో ఆమె స్కాన్‌తోనే కలవాలి. ఇది చేయకపోతే మెత్తటి కార్నియా లేజర్‌కి ముందే ఉబ్బి కనబడుతుంది, అప్పుడు పోలికే కుదరదు.

తర్వాత మూడిటి మీదా గాలి ఊదాను. గరిష్ఠ నొక్కుడులో మూడిటి మధ్య తేడా 0.02 మిల్లీమీటర్లు. అదే కన్ను మీద వరుసగా మూడుసార్లు పరీక్ష చేసినప్పుడు కొలతల్లోనే 0.05 తేడా వచ్చింది. అంటే ఆ అమ్మాయి కన్ను ఈ మూడిట్లో ఏదో చెప్పే దారి మా దగ్గర లేదు. ఇది మోడల్ మెరుగుపరిస్తే తేలే విషయం కాదు, కొలతలోనే ఆ సమాచారం లేదు.

అయితే మూడిటి భవిష్యత్తూ ఒకటేనా? మోడల్‌కి ముందు చేత్తో ఒక లెక్క వేసుకున్నాను. ఎప్పుడూ అదే చేస్తాను, కంప్యూటర్ ఇచ్చిన అంకె ఆ చుట్టుపక్కల లేకపోతే నమ్మను. కార్నియాకు అన్నిటికంటే పైనున్న 50 మైక్రాన్ల చర్మం లాంటి పొర, ఎపిథీలియం, లాగుడు పెద్దగా మోయదు. మోసేది దాదాపు 458 మైక్రాన్లు. ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే మధ్యలో సుమారు 16.5 కిలోపాస్కల్స్ స్ట్రెస్. లేసిక్ తర్వాత ఫ్లాప్ అతుక్కున్నట్టు కనబడుతుంది కానీ మునుపటిలా లాగుడు పట్టదు, కాబట్టి మోసేది 321 మైక్రాన్లే. వంపు మార్పును పక్కన పెట్టినా 23.6 కిలోపాస్కల్స్ అవుతుంది. ఫ్లాప్ లేకుండా పైనుంచే లేజర్ చేసే పీఆర్‌కేలో 381 మైక్రాన్లు మిగులుతాయి, స్ట్రెస్ 19.9. ఫ్లాప్ పద్ధతిలో నలభై శాతానికి పైగా పెరుగుదల, పీఆర్‌కేలో ఇరవై శాతం. రెండిట్లోనూ లేజర్ తీసేది అదే 77 మైక్రాన్లు. "ఫ్లాప్ తిరిగి మూసేస్తారు కదా, పోయేదేముంది" అనుకునేవాళ్లకు ఈ చిన్న లెక్క చూపిస్తుంటాను.

పూర్తి మోడల్‌లో మొదటి కార్నియా రెండు పద్ధతులకూ నిలబడింది. రెండోది పీఆర్‌కేకి పరవాలేదు, లేసిక్‌కి మచ్చ దగ్గర స్ట్రెయిన్, అంటే సాగుడు, బాగా పెరిగింది. మూడోదాంట్లో లేసిక్ తర్వాత వంపు శిఖరం మధ్యలోంచి కిందికి జారింది. లేజర్ గుండ్రంగా, మధ్యలో తీసింది. ఉబ్బు మాత్రం కింద వచ్చింది. పీఆర్‌కేలోనూ అదే దిశలో కదిలింది, తక్కువ మేర. ఎడమ కంటికీ ఇదంతా చేశాను. దాని స్కాన్‌లో కింది వంపు తక్కువ కాబట్టి మెత్తటి మచ్చ పెట్టినా మార్పు చిన్నదే.

రిపోర్టులో సేఫ్ అనీ రాయలేదు, ప్రమాదం అనీ రాయలేదు. ఇలా రాశాను: "మా కొలతలు ఈ మూడు కార్నియాలనూ వేరు చేయలేవు. లేసిక్ మాత్రం వేరు చేస్తుంది."

డాక్టరుగారు ఆ రెండు వాక్యాలు చదివి చాలాసేపు మాట్లాడలేదు. కుటుంబాన్ని పిలిపించారు. తల్లి నా వైపు తిరిగి, "బాబూ, చేయొచ్చా చేయకూడదా, ఒక్క మాట చెప్పండి" అంది. నేను చెప్పాల్సిన మాట కాదది. డాక్టరుగారే అందుకున్నారు: "అమ్మా, ఇది మా అమ్మాయి కన్నయితే నేను చేయను. ఇప్పుడు ఆగితే పోయేదేం లేదు. చేశాక ఉబ్బితే వెనక్కి తేలేం." లోపల లెన్స్ పెట్టే పద్ధతి గురించి కూడా చెప్పారు, దాంట్లో కార్నియా మందం తీయరు కాబట్టి. ఖర్చు విని వాళ్లు తర్వాత చూద్దామన్నారు. దురద తగ్గడానికి చుక్కల మందు రాసి, కన్ను నులమొద్దని గట్టిగా చెప్పి, ఆరు నెలలకోసారి స్కాన్‌కి రమ్మన్నారు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఆ రోజు మేము సరైన పని చేశామో లేదో నాకు కచ్చితంగా తెలియదు, మనసు భారంగానే ఉంది.

ఏడాది తర్వాత

ఆరు నెలలకు పెద్ద మార్పు లేదు. ఏడాదికి కుడి కన్ను కింది భాగంలో గరిష్ఠ వంపు 46.1 నుంచి 47.4 డయాప్టర్లకు పెరిగింది, మందం 497 మైక్రాన్లకు తగ్గింది. ఎడమ కన్ను కదల్లేదు. కెరటోకోనస్ అని తేలింది. ఏ సర్జరీ చేయకుండానే.

ఎపిథీలియం తీశాక కూడా 400 మైక్రాన్లకు పైగా మిగులుతుంది కాబట్టి, మామూలు డ్రెస్డెన్ పద్ధతిలోనే క్రాస్‌లింకింగ్ చేశారు. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి, అరగంట అతినీల కాంతి. కొలాజెన్ పోగుల మధ్య కొత్త ముడులు పడి కార్నియా గట్టిపడుతుంది.

రెండు స్కాన్ల మధ్య మార్పును మోడల్‌లో పెట్టి చూశాను. ఎక్కడ, ఎంత మెత్తబడితే ఈ మార్పు వస్తుంది? నేను ఊహించిన చోటుకంటే మచ్చ కొంచెం మధ్యకు జరిగి ఉంది, పరిమాణం కూడా చిన్నది. అంటే నేను పెట్టిన మూడు కార్నియాల్లో ఏదీ సరిగ్గా ఆమెది కాదు. నిర్ణయం నిలబడింది కానీ నా ఊహ సగమే నిజం. ఈ కేసు గురించి చెప్పేటప్పుడు "మోడల్ ముందే పట్టేసింది" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పట్టింది డాక్టరుగారు, ఆ అమ్మాయి కణుపులతో కన్ను నులుముకున్న ఆ క్షణంలో. మోడల్ చేసిందల్లా డాక్టరుగారి అనుమానాన్ని కొట్టేయడానికి మా దగ్గర ఆధారం లేదని చూపించడం.

ఆ తర్వాత నా పనిలో మారినవి

ఒత్తిడి లేని ఆకారం కనుక్కోకుండా ఏ కన్నుకూ లెక్క మొదలుపెట్టను. మోడల్‌లో సర్జరీకి ముందు వంపు, స్కాన్‌లో వంపు రెండూ పక్కపక్కన రిపోర్టు మొదటి పేజీలోనే ఉంటాయి. తేడా 0.1 డయాప్టర్ దాటితే ఆ రిపోర్టు బయటికి వెళ్లదు.

ఒకే మోడల్ ఇవ్వడం మానేశాను. కొలతలతో కలిసే కార్నియాల గుంపు ఇస్తాను, వాటిలో అన్నిటికంటే బలహీనమైనది ఏమవుతుందో చెబుతాను. మొదట్లో కొందరు సర్జన్లకు ఇది నచ్చలేదు. ఓపీలో క్యూ పెరిగిపోతుంటే, ఒక్క అంకె ఇస్తే చాలు అనిపిస్తుంది, అర్థం చేసుకోగలను. అయినా లేని కచ్చితత్వాన్ని ఇవ్వలేను.

మచ్చను ఎక్కడ పెట్టాలన్నది ఇప్పుడు నేను ఒక్కడినే ఎంచుకోను. స్కాన్‌లో వెనుక ఉపరితలం ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎపిథీలియం ఎక్కడ పలచబడిందో డాక్టరుగారితో కూర్చుని చూసి ఐదారు చోట్ల పెడతాం. ఉబ్బు మొదలైన చోట ఎపిథీలియం తనంతట తాను పలచబడి పైన వంపును కప్పిపుచ్చుతుంది. అందుకే ముందు ఉపరితలం ఒక్కటే చూస్తే మొదటి దశ కనబడదు. ఈ అమ్మాయికి నేను లెక్క మొదలుపెట్టిన స్కాన్‌లోనే వెనుక ఉపరితలం మీద ఆ చిన్న ఎత్తు ఉంది. అది నేను మెష్ గీసేటప్పుడు నునుపు చేసే దశలో దాదాపు చెరిగిపోయింది. ఇప్పుడు నునుపు చేసే ముందు, చేశాక తేడా చిత్రం గీసి చూసుకుంటాను.

ఆమె ఇప్పుడు కుడి కంటికి గట్టి కాంటాక్ట్ లెన్స్, మిగతా సమయంలో కళ్లజోడు వాడుతోంది. పెళ్లయింది. పోయిన నెల స్కాన్ వచ్చింది: కుడి కన్ను కింది భాగం 47.2, మందం 495. ఎడమ కన్ను మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.